పద్నాలుగో నంబరు కుర్రాడు

ఆ శనివారం పొద్దున కర్ట్ బ్రూన్స్‌వోల్డ్ వేసుకున్న పథకంలో పెద్ద సాహసాలేమీ లేవు. పందులకు మేత వేయాలి. కూతురు మారెన్‌నూ, ఆమె ఊదే పెద్ద ఇత్తడి బాకా ట్యూబానూ ట్రక్కులో ఎక్కించుకోవాలి. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి గుడ్డూ సాసేజీ వేసిన పిజ్జా కొనుక్కోవాలి. పిల్లను జిల్లా ఆనర్ బ్యాండ్ ఆడిషన్ జరిగే బడి దగ్గర దింపేసి, ట్రక్కులో హీటరు వేసుకుని ఓ కునుకు తీయాలి. జనవరి నెల అయోవాలో మనిషికి ఇంతకంటే మంచి శనివారం ఏముంటుంది?

మారెన్‌కు మాత్రం అది కునుకు తీసే రోజు కాదు. చుట్టుపక్కల బళ్ళన్నిటిలోంచీ బాగా వాయించే పిల్లల్ని ఏరి కట్టే బ్యాండ్ అది. హైస్కూల్లో చేరినప్పటి నుంచీ ఏటా వెళ్ళింది, ఏటా ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఈ వేసవితో ఆ బడికి సెలవు చెప్పేస్తుంది. ఇక ఇదే ఆఖరి అవకాశం.

"బ్యాండు క్లాసులో ప్రైబిల్ మేడమ్‌ది ఇంకా అదే గోల నాన్నా. పాట నాలుగో వరుసలో నేను తాళం మించి పరిగెడుతున్నానట! నేనెక్కడ పరిగెడుతున్నాను? నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు తల్లీ? నాకు బాగానే ఉంటుంది."

"నీకు అన్నీ బాగానే ఉంటాయి!"

"బాగున్నదాన్ని బాగుందనక ఏమనాలి? పిజ్జా చల్లారిపోతోంది, తిను."

ఆ చలికి ఇత్తడి మంచుముక్కలా చల్లబడి, పెదవి ఆనిస్తే పట్టుకుని వదలదు. అందుకని అక్కడ పిల్లల్ని బ్యాండుకు తిప్పే తండ్రులందరూ చేసే పనే కర్ట్ కూడా చేశాడు. ట్యూబా ఊదే మౌత్‌పీస్‌ను తీసి ట్రక్కు హీటరు గాలికి ఎదురుగా పెట్టాడు. బడి చేరాక బరువైన ట్యూబాను మోసుకుంటూ లోపలికి వచ్చాడు గానీ, వెచ్చగా ఉన్న ఆ ముక్క మాత్రం అక్కడే హాయిగా ఉండిపోయింది.

ఆడిషన్ గది ముందు లైన్లో నిలబడ్డాక మారెన్ గుండె ఆగినంత పనైంది.

"నాన్నా! మౌత్‌పీస్!"

"హీటరు మీద..."

"తాళం ఇలా ఇవ్వు! ట్యూబా పట్టుకుని ఇక్కడే నించో. మన చోటు మాత్రం పోనీకు!" అంటూ మంచులోకి పరుగెత్తింది. ట్రక్కేమో పార్కింగులో ఆ చివరాఖరున ఉంది.

ఇక్కడ ఆ ఆడిషన్ పద్ధతి చెప్పాలి. జడ్జీలు తెర వెనక కూర్చుంటారు. వాయించేది ఎవరో వాళ్ళకు తెలియకూడదు. అందుకని పేర్లుండవు, వాద్యానికి అంటించిన నంబరే ఉంటుంది. గది గడప దాటాక నోరు విప్పకూడదు, విప్పితే నంబరు రద్దు. మారెన్ ట్యూబాకు పద్నాలుగో నంబరు అంటించి ఉంది. ఆ ట్యూబాను మోస్తున్న కర్టేమో పొట్టి మనిషి. గడ్డం నున్నగా గీసుకుని, కూతురి బడి బ్యాండు స్వెట్టరు తొడుక్కుని, చలికి దాని టోపీని కనుబొమల దాకా లాక్కుని ఉన్నాడు.

పిల్లల్ని లోపలికి పంపే పని బెర్నడీన్ అనే పెద్దావిడది. ఆవిడ అప్పుడే బయటి చలిలోంచి వచ్చింది, కళ్ళద్దాలు తెల్లగా ఆవిరిపట్టి ఉన్నాయి.

"పద్నాలుగు! రా బాబూ."

"అబ్బే, నేను కాదండీ..."

"ష్! గడప దగ్గరికి వచ్చేశావు, ఇక నోరు విప్పావంటే నంబరు కొట్టేస్తాను. కిందటేడు ఒక పిల్ల తుమ్మి, సారీ అన్న పాపానికి ఇంటికి పంపించాల్సి వచ్చింది."

కర్ట్ మరీ మొహమాటస్తుడు. పెద్దవాళ్ళు మోచెయ్యి పట్టుకుని రమ్మంటే రానని అనడం అతనికి పుట్టుకతోనే రాదు. తలుపు మూసుకున్నాక చూసుకుంటే ట్యూబాతో సహా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"పద్నాలుగు, నీకు వీలైనప్పుడు మొదలుపెట్టు," అంది తెర వెనక నుంచి ఒక ముసలి గొంతు.

మౌత్‌పీస్ ఉండాల్సిన చోట ఖాళీ గొట్టాన్ని బెర్నడీన్‌కు చూపించాడు కర్ట్. ఆవిరి అద్దాల్లోంచి ఆవిడకు ఏం కనబడిందో ఏమో, గుండెల నిండా గాలి పీల్చుకోమని సైగ చేసింది. పీల్చుకున్నాడు. ట్యూబా మీటలు టకటకా నొక్కాడు. ఊదే ముందు కూతురు చేసినట్టు, లోపల లేని నీళ్ళను దులిపాడు. మళ్ళీ మీటలు నొక్కాడు.

"భయపడకు నాయనా. ఆ కుర్చీలో అందరికీ భయమే," అంది ఆ గొంతు.

నాయనకు నిజంగానే చెమటలు పోస్తున్నాయి.

"పద్నాలుగు, ఇంక మొదలుపెట్టకపోతే తర్వాతి వాళ్ళను పిలవాలి మరి."

లేచి వెళ్ళిపోతే పిల్ల వంతు పోతుంది. నోరు విప్పితే నంబరే పోతుంది. పిల్ల వచ్చేదాకా ఎలాగైనా నెట్టుకురావాలి. మాట్లాడొద్దన్నారు గానీ కూనిరాగం తీయొద్దని ఎవరూ అనలేదు కదా! కర్ట్ కళ్ళు గట్టిగా మూసుకుని అందుకున్నాడు.

"పమ్... పమ్... పబబం పమ్..."

మొక్కజొన్న కోతలకు ముందు నుంచీ ఆ ఇంట్లో రోజూ మోగుతున్న పాట అది. గోడ అవతల నుంచి విన్నాడు, గడ్డం గీసుకుంటూ విన్నాడు, పందుల దొడ్లో ఉండగా గాలికి తేలొస్తే విన్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో అతనికే తెలియదు. కూతురు ఊపిరి తీసుకునే చోట ఊపిరి తీసుకున్నాడు, ఆమె సాగదీసే చోట సాగదీశాడు.

మౌత్‌పీస్‌ను గుప్పిట్లో పట్టుకుని, వగరుస్తూ అప్పుడే వచ్చిన మారెన్, మూసి ఉన్న తలుపు దగ్గర కొయ్యబారిపోయింది. పక్కన ప్రైబిల్ మేడమ్ కూడా చెవి ఒగ్గి వింటోంది. గొంతు నాన్నది, అందులో సందేహం లేదు. వాయించే తీరు మాత్రం అచ్చం తనది. నాలుగో వరుస వచ్చింది. వీధి కుక్క తరుముతున్నట్టు నాన్న గొంతు ఒక్కసారిగా పరుగందుకుంది.

"అయ్యో!" అంది మారెన్. "అది నేనే!"

"వినబడిందా?" అంది మేడమ్ మెల్లగా.

"వినబడింది మేడమ్."

తలుపు తెరుచుకుంది. బయటకొచ్చిన కర్ట్ మొహం పాలిపోయి ఉంది. "నీ ఛాన్సు నాశనం చేశాను తల్లీ. నా చేతుల్తో నేనే..."

వెనకే వచ్చిన బెర్నడీన్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"బాబూ, నీకెన్నేళ్ళు?"

"నలభై ఎనిమిదండీ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నోరు విప్పొద్దన్నారుగా!"

ప్రైబిల్ మేడమ్ పరుగున వెళ్ళి ఆడిషన్ నడిపే పెద్దను పట్టుకుంది. ఆయన తల గోక్కుని, పిల్ల తప్పేమీ లేదని ఒప్పుకున్నాడు. జడ్జీలకు సంగతి చెబితే పిల్లెవరో తెలిసిపోతుంది కనుక, పద్నాలుగును చడీచప్పుడు లేకుండా రద్దుచేసి, ఆమెకు అందరికంటే చివరి నంబరు ఇచ్చాడు.

మారెన్ వంతు వచ్చినప్పుడు కర్ట్ వసారా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల ట్యూబా మోగుతుంటే అతని పెదవులు వాటంతట అవే కదిలాయి. నాలుగో వరుసలో అలవాటుకొద్దీ తను ముందు పరుగెత్తి, చివర ఆగి, కూతురి కోసం చూడాల్సి వచ్చింది. మారెన్ తొందరపడలేదు. ఒక్కో స్వరాన్నీ నింపాదిగా నడిపించుకుంటూ వచ్చింది. ఆ పాట అంత బాగుంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. కళ్ళు తడయ్యాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

సాయంత్రం భోజనశాల గోడ మీద ఎంపికైన వాళ్ళ నంబర్లు అంటించారు. ట్యూబాల వరుసలో అన్నిటికంటే కిందిది మారెన్‌ది. బ్యాండులో ఆఖరి కుర్చీ అయితేనేం, కుర్చీయే కదా! ఆ పిల్ల పెట్టిన కేకకు చుట్టుపక్కల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. తండ్రి మెడ పట్టుకుని వేలాడింది.

అంతలో కోటు తొడుక్కుంటూ ముసలి జడ్జీ అటుగా వచ్చాడు. కర్ట్ ఆ గొంతును గుర్తుపట్టి బిగుసుకుపోయాడు.

"ప్రైబిల్ గారూ, ఆ పద్నాలుగో నంబరు కుర్రాడు ఎవరి వాడండీ? పాపం, భయంతో ఒక్క స్వరమైనా ఊదలేకపోయాడు. కానీ పాటంతా నోటికి పాడేశాడు! అలా రావాలంటే నెలల తరబడి వినాలి. ఎవరి దగ్గర విన్నాడో గానీ, ఆ మనిషంటే వాడికి ప్రాణమై ఉండాలి."

మారెన్ తండ్రి చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది. కర్ట్ తన బూట్ల లేసులను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"దిగులు పడొద్దని చెప్పండి వాడికి. ఇంకా చిన్నవాడేగా! వచ్చే ఏడు తప్పకుండా రమ్మనండి."

"చెప్తానండీ," అంది ప్రైబిల్ మేడమ్, నవ్వు బిగబట్టి.

కాదనలేక, కర్ట్ సరేనని తల ఊపాడు.