లైన్లో ఉన్నట్టే

పోలింగు మొదలై రెండు వానాకాలాలు గడిచాక, ఓటు వేయకుండానే అంజవ్వ లైన్లో చనిపోయింది. ఆమె చెప్పులు మాత్రం ఆ సాయంత్రమే ఇంకో అడుగు ముందుకు జరిగాయి.

ఆ బడిలో పోలింగు ఇంకా ముగియనందుకు ఎవరికీ ఫిర్యాదు లేదు. గడువు వేళకు గేటు లోపల ఉన్న ప్రతి ఒక్కరికీ చీటీ ఇవ్వాలని, చీటీ ఉన్నవాళ్ళు అందరూ ఓటు వేసేదాకా పోలింగు సాగాలని నిబంధన. పోలింగు అధికారి చీటీలు ఇచ్చాడు. యంత్రం ఒక్కో ఓటుకు కొంత ఎక్కువ సమయం తీసుకుంటోంది, అంతే. రేషను బియ్యం లైన్లోకే వచ్చేవి. ఆడవాళ్ళ లైను, మగవాళ్ళ లైను పక్కపక్కనే ఉన్నందువల్ల పెళ్ళి సంబంధాలకూ ఇబ్బంది కలగలేదు. ఓటర్ల ఓపికను మెచ్చుకుంటూ పత్రికలు మొదట్లో ఫోటోలు వేశాయి, తర్వాత మానేశాయి. ఈలోగా ఫలితాలు వచ్చాయని, ప్రభుత్వం ఏర్పడిందని, ఆ ప్రభుత్వం పడిపోయిందని కూడా కబురు అందింది. ఎవరూ లైను వదలలేదు.

చెప్పులు పెట్టి పోతే మనిషి లైన్లో ఉన్నట్టే. గ్యాసు బండల దగ్గర, యూరియా బస్తాల దగ్గర ఆ ఊరివాళ్ళు నేర్చుకున్న పద్ధతి అది. స్నానానికో, జ్వరం వస్తే ఆసుపత్రికో అలాగే వెళ్ళి వచ్చేవారు. అధికారి పొరుగు జిల్లా మనిషి అయినా ఈ పద్ధతిని మన్నించాడు. వెళ్ళినవాళ్ళు ఎప్పటిలోగా తిరిగి రావాలన్నది ఎక్కడా రాసి లేదు కనుక, అంజవ్వ విషయంలోనూ ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఆమె భర్త కేదారి మగవాళ్ళ లైన్లో, దాదాపు ఆమెకు ఎదురుగానే నిలబడేవాడు. బతుకంతా మరమగ్గాల మధ్య గడిపిన మనిషి. ఆ చప్పుడులో మాట్లాడి లాభం లేదు కాబట్టి మాట తక్కువ. దహనానికి తన చెప్పులు లైన్లో పెట్టి వట్టి కాళ్ళతో వెళ్ళి వచ్చాడు. అటువంటి పనికి ఎలాగూ చెప్పులతో పోరు గనుక ఎవరికీ వింతగా తోచలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. అంజవ్వకు ఇష్టమైన సర్వపిండి, పచ్చిపులుసు విస్తట్లో వడ్డించి బడి గోడ మీద ఉంచారు. కాకులు వచ్చి చూశాయి. ముట్టలేదు. చనిపోయిన మనిషికి తీరని కోరిక ఏదో ఉందని దాని అర్థం. కేదారి చేతులు జోడించి, బిడ్డను మంచిగా చూసుకుంటానన్నాడు, కల్లు మానేస్తానన్నాడు, తన చెల్లెలితో మళ్ళీ మాట్లాడతానన్నాడు. కాకులు కదలలేదు. లైన్లో అంజవ్వ వెనక నిలబడే బుచ్చక్క కాసేపు చూసి అసలు సంగతి చెప్పింది.

"ఓటు మీద పాణమున్నది బావా. అది పడనియ్యి, పిట్ట దానంతటదే ముడ్తది."

పిట్ట ముట్టనిదే దినాలు జరపడం కుదరదని కర్మ చేయించే అయ్యగారు చెప్పాడు. ఆయన కూడా లైన్లోనే, కొంచెం వెనకగా ఉన్నాడు. అప్పటినుంచి కేదారికి ఒకటే పని: ఆ చెప్పులు తలుపు దాకా చేరాలి. లైను కదిలినప్పుడల్లా బుచ్చక్క వాటిని కాలి వేళ్ళతో ముందుకు నెట్టేది. కాలితో వద్దమ్మా, చేత్తో జరుపు అని కేదారి ఒక్కసారి అడిగాడు. ఆమె నడుం నొప్పి ఉన్నా అలాగే వంగి జరిపింది.

చలి మొదలయ్యే రోజుల్లో చెప్పులు గడప దగ్గరికి చేరాయి. గుమాస్తా పేరు చదివాడు. సిరా బుడ్డి మూత తీశాడు. వేలు లేదు కనుక చెప్పు బొటనవేలి ఉంగరానికి చుక్క పెట్టాలని ముందే అనుకున్నారు. అప్పుడు ఒక పార్టీ ఏజెంటు లేచాడు.

"ఇవి మా అన్న పంచిన చెప్పులు సార్. ఊరందరికీ ఒక్కటే రంగు, ఒక్కటే సైజు. ఇవే అంజవ్వయని ఎట్ల?"

మాట నిజమే. పోలింగుకు ముందు వారంలో ఇంటింటికీ పంచినవి అవి. అధికారి కేదారిని పిలిచాడు. తెగిన పట్టీకి ఆమె పిన్నీసు పెట్టుకున్నదని కేదారి చూపించాడు. అధికారి లైను పొడుగునా చూశాడు. అందరి పట్టీలూ అక్కడే తెగాయి, అందరూ పిన్నీసులే పెట్టుకున్నారు. పైగా వానలు కురిసినప్పుడల్లా చెప్పులన్నీ వరండాలోకి ఎత్తి, తెరిపి ఇచ్చాక మళ్ళీ పరిచేవారు.

"నా కాళ్ళకున్నయి ఆమెవైతే, నేనెవర్ని సార్?" అంది బుచ్చక్క.

లోపల కాళ్ళున్నాయి కనుక ఆమె ఆమేనని అధికారి నిర్ణయించాడు. తర్వాత కేదారిని మర్యాదగానే అడిగాడు, నడిచేటప్పుడు మీ భార్య ఏ కాలు ఎక్కువ మోపేవారు అని. మడమ అరుగుదలను బట్టి తేల్చవచ్చు.

కేదారి ఆలోచించాడు. ఆమె అన్నం గిన్నె పట్టుకుని రోజూ మగ్గాల షెడ్డులోకి వచ్చేది. పక్కకు వచ్చి భుజం తట్టేదాకా ఆమె వచ్చినట్టు అతనికి తెలిసేది కాదు.

"ఎరుక లేదు సార్," అన్నాడు.

ఎవరి ఓటునూ తిరస్కరించడం లేదని అధికారి స్పష్టం చేశాడు. ఎవరి మీద అనుమానం వస్తే వారు లైను చివరికి వెళ్ళి నిలబడాలి, అంతే. అదే సమయంలో మగవాళ్ళ వైపు నుంచి కేదారి పేరు పిలిచారు. ఓటు వేసినవాళ్ళు గేటు దాటి వెళ్ళిపోవాలి, తిరిగి లోపలికి రాకూడదు.

"మీరు వేసి ఇంటికి వెళ్ళండి," అన్నాడు అధికారి. "ఆవిడ ఇక్కడే ఉంటారు కదా."

కేదారి వంగి చెప్పులు చేతిలోకి తీసుకుని గది బయటికి నడిచాడు. లైను చివర, ఆడవాళ్ళ వైపు వాటిని జతగా పెట్టి, తాను పక్కనే మగవాళ్ళ వైపు నిలబడ్డాడు. అతని ఓపికను అధికారి మైకులో మెచ్చుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కాసేపటికి, గడువు వేళకు గేటు లోపలే ఉండి, పోలింగు సాగుతుండగానే పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలను తెచ్చి వాళ్ళ వెనక నిలబెట్టారు. వాళ్ళలో ఒక అమ్మాయి, ఈ చెప్పులామె ఎటు పోయిందని అడిగింది.

"ఏడికి పోలే బిడ్డా. లైన్లనే ఉన్నది," అన్నాడు కేదారి.

ఆ అమ్మాయి తలూపి, కొంచెం జాగా వదిలి నిలబడింది. అంజవ్వ దినాలు ఇంకా చేయలేదు.