తొమ్మిదో తలుపు వెనక ఏముంది

ఆ రోజు పొద్దున తాళాల మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయల్దేరాలి, పదింటికల్లా ఆ వీడియో గేము తయారుచేసే మనిషి తలుపు తట్టాలి, ఒక్క ప్రశ్న అడగాలి, పదకొండింటికి దుకాణం తెరవాలి. ప్రశ్న కూడా చిన్నదే. తొమ్మిదో తలుపు వెనక ఏముంది?

ఆరేళ్ళ కిందట ఆ మనిషి, ఒంటిచేత్తో గేము తయారుచేస్తాను, తలా కొంచెం చందా వేయండి అని జనం ముందు జోలె పట్టాడు. ఆడేవాడే కథలో ఒక పాత్రగా మారి, కోటంతా తిరిగి, ఎదురైనవాళ్ళతో మాట కలిపి, ఒక్కో తలుపూ తీసుకుంటూ పోయే ఆట అది. మచ్చుకు రెండు నిమిషాల వీడియో చూపించాడు. దాని చివర తొమ్మిదో తలుపు వస్తుంది. తాళంచెవి దూరుతుంది, తిరుగుతుంది, తెర నల్లబడుతుంది. అంతే. ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళ తలుపులన్నీ తీసిన మేస్త్రీకి తీయకుండా మిగిలిపోయిన తలుపు అదొక్కటే. బావమరిది ఫోనులో చూపించిన రోజే చందా కట్టి, అడిగారని తన ఫోటో కూడా పంపాడు. అప్పట్నుంచీ గేము రావడమే లేదు. ఎప్పుడడిగినా "వచ్చే నెల" అనే జవాబు. చందాదారులు విసిగిపోయి అతనికి వచ్చేనెల బాబు అని పేరు పెట్టేశారు.

"ఈసారైనా మొహమాటపడకండి," అంది భార్య, చొక్కా గుండీ కుడుతూ. "అసలు గేమంటూ ఒకటి ఉందా, తలుపు బొమ్మ గీసి చేతులు దులుపుకున్నాడా, తేల్చుకుని రండి."

"లేకుండా ఎట్లా ఉంటుందే. నేను ఉత్తరం రాసినప్పుడల్లా జవాబిస్తున్నాడుగా."

"ఏమని?"

"మీరు చెప్పింది నిజమేనండీ, అని."

"ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు కదా, అందుకని అక్కడ చేరారన్నమాట." ఆవిడ దారం కొరికేసింది.

బయల్దేరే ముందు మేస్త్రీ చందాదారుల గ్రూపులో రెండు ముక్కలు రాశాడు. "ఇవాళ పదింటికి నేను వెళ్ళి అడిగి వస్తాను. రాదలచినవాళ్ళు రావచ్చు." రెండో ముక్క ఉత్త మర్యాదకు రాసింది. కింద "ఇట్లు, తాళాల మేస్త్రీ" అని పెట్టాడు. కొంప ముంచింది ఆ సంతకమే. అడగడానికైతే తాళాల మేస్త్రీ ఎందుకు, తీయడానికే వెళుతున్నాడని ఒకాయన తేల్చాడు. తీసేటప్పుడు సాక్షులుండాలని ఇంకొకాయన అన్నాడు. సాక్షులు తక్కువైతే చెల్లదని మూడో ఆయన అన్నాడు. మేస్త్రీ చేరేసరికి, వచ్చేనెల బాబు గదికి వెళ్ళే అచ్చాఫీసు పక్క మెట్ల మీద ఇరవై ముగ్గురు సాక్షులు కూర్చుని ఉన్నారు.

అందరికంటే ముందు పళ్ళ డాక్టరమ్మ, ఆసుపత్రి తెల్లకోటుతోనే. "సుత్తి తెచ్చారా?"

"సుత్తెందుకు డాక్టరమ్మా. ఇది పని సంచి. ఇటునుంచి ఇటే దుకాణానికి పోవాలి."

"నా మందుల బీరువా తాళం అందులో ఉందేమో చూడండి."

"అది దుకాణంలో ఉంది. రేపు రండి."

"నాలుగు నెలల నుంచీ రేపే వస్తున్నాను, మేస్త్రీ గారూ."

ఆయన వినపడనట్టు మెట్లెక్కాడు. పైన ఒకటే గది. తలుపుకు బయట తాళం. లోపల్నుంచి మాత్రం చప్పుడు. టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్. మేస్త్రీ చెవి తలుపుకు ఆనించాడు. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టే ఉంది.

"మనిషిని లోపల పెట్టి ఎవరో తాళం వేశారు," అన్నాడొకాయన.

"కాదు, పని జరుగుతోందని మనం నమ్మడానికి యంత్రంతో చప్పుడు చేయిస్తున్నాడు."

"ఎందుకొచ్చిన గొడవ, తీసి చూద్దాం," అంది డాక్టరమ్మ.

"యజమాని చెప్పకుండా నేను తాళం ముట్టను."

"చందా కట్టింది మనం. మనమే యజమానులం."

"అయితే ఇరవై ముగ్గురూ సంతకాలు పెట్టండి," అన్నాడు మేస్త్రీ. అలా అంటే జారుకుంటారనుకున్నాడు. జారుకోలేదు సరిగదా, ఎవరో కాగితం తీశారు, ఒకరి వీపు మీద ఒకరు పెట్టుకుని సంతకాలు మొదలుపెట్టారు. కింద అచ్చాఫీసాయన తల బయటపెట్టి చూశాడు. జనం, కాగితం, సంతకాలు, మధ్యలో తాళాలు తీసేవాడు. గది ఖాళీ చేయించడానికి వచ్చారనుకుని, వచ్చేనెల బాబు అక్కకు ఫోను చేశాడు.

ఆవిడ ఆటో దిగి రెండేసి మెట్లెక్కుతూ వచ్చింది. "నా తమ్ముణ్ణి ఏం చేద్దామని వచ్చారు మీరంతా?"

"తాళం వేసింది మీరా?"

"నేనే. వేయకపోతే పని వదిలేసి బజారున పడి తాళాలు కొనుక్కొస్తున్నాడు, ఏం చేయమంటారు?"

"తాళాలా?" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ కంగారులో తాళంచెవిని ఎదురు తిప్పింది. అది సగం ఆవిడ చేతిలో, సగం తాళంలో మిగిలింది. లోపల్నుంచి, "అక్కా, అప్పుడే అన్నం తెచ్చావా?" అని వినిపించింది.

అందరూ మేస్త్రీ వైపు తిరిగారు. అక్క కూడా తల ఊపింది. ఇక యజమాని అనుమతి లేదనే వంక లేదు.

"ఎంతసేపు పడుతుంది?" అంది డాక్టరమ్మ.

మేస్త్రీ నాలుక చివరిదాకా అలవాటైన మాట వచ్చింది. ఇరవై మూడు జతల కళ్ళు చూసి దాన్ని మింగేశాడు. "పది నిమిషాలు," అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన గడువులోపల చేసిన మొదటి పని అదే.

తలుపు తెరుచుకుంది. గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళాలు. ఇనప తాళాలు, ఇత్తడి తాళాలు, తుప్పు పట్టినవి, పెట్టె తాళాలు, గొలుసు తాళాలు. ఒక్కోదానికి ఒక్కో చీటీ. మధ్యలో వచ్చేనెల బాబు ఒక తాళాన్ని మైకు దగ్గర పెట్టి, తాళంచెవి తిప్పి వింటున్నాడు. టక్. తలెత్తాడు. గుంపును చూసి బెదరలేదు. మేస్త్రీ ముఖం చూసి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, మీరా? ఫోటోలో చూసిన ముఖమే. లోపలికి రండి, మీ ఉత్తరాలన్నీ ఇక్కడే ఉన్నాయి."

నిజంగానే ఉన్నాయి. గోడకు వరసగా అంటించిన పదకొండు ఉత్తరాలు. మేస్త్రీ చేతిరాతే.

"మొదటి ఉత్తరంలో, వీడియోలో తాళంచెవి తప్పు వైపు తిరుగుతోందన్నారు. కోటలో ఉన్న మూడొందల తాళాలూ మార్చాను, ఎనిమిది నెలలు పట్టింది. రెండోదాంట్లో పాత ఇనప తాళం చప్పుడు ఇలా ఉండదన్నారు. ఇదుగో, ఏడాదిన్నర. మూడోదాంట్లో తాళంచెవి పళ్ళు." అతను వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. "ప్రతి ఉత్తరం చివరా, మిగతా తప్పులు రేపు రాస్తాను అంటారు. ఆ రేపటి కోసమే కూర్చున్నాను గురువుగారూ. లేకపోతే గేము నాలుగేళ్ళ కిందటే అయిపోయేది."

డాక్టరమ్మ మెల్లగా మేస్త్రీ వైపు తిరిగింది. ఆమె వెనక మిగతావాళ్ళు కూడా తిరిగారు. సంతకాల కాగితం ఇంకా ఎవరి చేతిలోనో ఉంది.

"నేను కనబడింది రాశాను," అన్నాడు మేస్త్రీ, నీళ్ళు నములుతూ. "ఆపమని చెప్పలేదే."

"ఇదే ఆఖరుది," అన్నాడు వచ్చేనెల బాబు. తెర మీద తొమ్మిదో తలుపు నిలబడింది. "చూసి సరేనంటే ఈ క్షణమే వదిలేస్తాను. లేదంటే ఇంకో ఆర్నెల్లయినా సరే, సరిచేస్తాను."

మేస్త్రీ ముందుకు వంగాడు. తాళం బాగుంది. చప్పుడు అచ్చు గుద్దినట్టుంది. తర్వాత ఆయన చూపు తలుపు అంచుకు జారింది. తలుపు బయటికి తెరుచుకుంటోంది, మడతబందులేమో లోపలి వైపు బిగించి ఉన్నాయి. అలాంటి తలుపు ఈ భూమ్మీద తెరుచుకోదు. ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. అంతలో డాక్టరమ్మ చెయ్యి భుజం మీద పడింది, పన్ను పీకేముందు వేసే చెయ్యి.

"ఎట్లా ఉంది గురువుగారూ?"

ఒకవైపు ముప్పై ఏళ్ళ పనితనం. ఇంకోవైపు ఆరేళ్ళుగా నిద్రలో కూడా తడుతున్న తలుపు.

"బాగుంది," అన్నాడు మేస్త్రీ. ఆ మాట అన్నాక చెమట తుడుచుకున్నాడు.

గేము ఆ మధ్యాహ్నమే విడుదలైంది. మేస్త్రీ మూడు రోజులు దుకాణం మొహం చూడకుండా ఆడాడు. ఎనిమిది తలుపులు తీశాడు. నాలుగో రోజు సాయంత్రం తొమ్మిదోదాని ముందుకు చేరాడు. భార్య కూడా పని వదిలి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. తాళంచెవి దూరింది, తిరిగింది, టక్ మంది. బందులను ఆయన చూడనట్టు నటించాడు.

తలుపు వెనక ఒక చిన్న దుకాణం ఉంది. గోడల నిండా తాళాలు. బల్ల వెనక, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన ఒక పెద్దమనిషి. అచ్చు మేస్త్రీ పంపిన ఫోటోలో ఉన్నట్టే. ఆయన ఆటగాడి చేతిలోని తాళంచెవి తీసుకుని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పళ్ళు సరిగ్గా లేవు," అన్నాడు. "ఇది బాగుపడితేగాని ముందుకు దారి లేదు. రేపు రండి."

"ఓరి దేవుడా," అంది భార్య, కుర్చీ పట్టుకుని నవ్వుతూ. "మీరు చెప్పింది నిజమేనండీ. గేము ఉంది."

గ్రూపు నిండా అదే గోల. ఆ ముసలాయన ఎన్నాళ్ళకు వదులుతాడని రెండొందల మంది అడుగుతున్నారు. మేస్త్రీ ఫోను పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు పొద్దున ఏడింటికే దుకాణం తెరిచి, అన్నిటికంటే ముందు డాక్టరమ్మ బీరువా తాళం విప్పి బల్ల మీద పరిచాడు. పన్నెండింటికల్లా పూర్తిచేశాడు. నూనె కూడా వేశాడు.

అప్పుడు చూశాడు, లోపలి స్ప్రింగు ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. డాక్టరమ్మకు రేపు రమ్మని కబురు పెట్టాడు.