రాజ్యం లేని పూట

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, రాజనీతిశాస్త్రం మాస్టారు ఆ రోజు కార్యక్రమం భార్యకు వివరించారు. కాసేపట్లో అపార్టుమెంటు అధ్యక్ష పదవికి రాజీనామా. భోజనాల వేళకల్లా జనం వచ్చి కాళ్లావేళ్లా పడటం. బాగా బతిమాలించుకున్నాక, సాయంత్రానికి మళ్లీ ఒప్పుకోవడం.

"ఇప్పుడంత కొంప ఏం మునిగిందండీ?" అందావిడ కూరలు తరుగుతూ.

"మునగలేదా? మోటారు నేనే వేయాలి, నేనే ఆపాలి. బండి అడ్డం పెట్టకయ్యా అంటే, 'నేనేమైనా సంతకం పెట్టానా' అంటాడా పళ్ల డాక్టరు! మనుషులు తమ స్వేచ్ఛలో కొంత వదులుకుని ఒకరి చేతిలో పెడితేనే సమాజం. దాన్నే సామాజిక ఒప్పందం అంటారు. అది లేకపోతే బతుకు ఎలా ఉంటుందో ఒక్క పూట చూపిస్తాను."

"చూపించండి. నేను నీళ్లు పట్టుకున్నాక చూపించండి."

మాస్టారు మెట్ల దగ్గర అందరినీ పోగుచేసి గొంతు సవరించుకున్నారు. "ఈ క్షణం నుంచి ఇక్కడ రాజ్యం లేదు. మీరంతా ప్రకృతి స్థితిలో ఉన్నారు. ఎవరిష్టం వాళ్లది!"

ఎవరూ ఏడవలేదు. ఆయనకు అదే మొదటి దెబ్బ.

సంగీతం టీచరు చెవిన 'ప్రకృతి' అన్న మాటొక్కటే పడింది. "ఇన్నాళ్లకు మాస్టారికి మొక్కల మీద దయ కలిగింది" అని మురిసిపోయి, మేడ మీది కుండీలన్నీ దింపి మెట్టుకొకటి పెట్టేసింది. పై అంతస్తు పళ్ల డాక్టరుకు 'ఎవరిష్టం వాళ్లది' అన్నది తప్ప ఇంకేమీ వినబడలేదు. క్లినిక్ కుర్చీలు వరండాలోకి లాగి, దారంతా పేషెంట్లతో నింపేశాడు. కింది టైలరు మాత్రం బాధ్యతగా మోటారు వేశాడు. వేయడం తన వంతైతే ఆపడం ఇంకొకరి వంతే కదా అనుకుని, నిశ్చింతగా కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

ట్యాంకు నిండింది. పొంగింది. నీళ్లు మెట్ల మీదుగా దూకి, కుండీల్లో మట్టిని కలుపుకుని, చిక్కటి బురదై కిందికి దిగాయి. కొన్ని లిఫ్టులోకి కారాయి. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఠక్కున ఆగిపోయింది.

లోపల అప్పుడే పన్ను పీకించుకున్న పేషెంటు. మూతి మొద్దుబారిపోయింది, నోటినిండా దూది. "ఊ... ఊ..." అని మూలిగాడు. సంగీతం టీచరు దగ్గర ఎవరో కొత్తగా చేరారనుకున్నాడు టైలరు. లిఫ్టుకు నూనె వేయాలేమో అనుకుంది సంగీతం టీచరు.

గదిలో మాస్టారికి కేకలు వినిపించాయి. "విన్నావుటోయ్? సిద్ధాంతం పనిచేస్తోంది!" అని అరచేతులు రుద్దుకున్నారు.

అంతలో తలుపు దబదబా మోగింది. "మాస్టారూ! లిఫ్టు తాళం ఎక్కడ? మా పేషెంటు లోపల ఇరుక్కుపోయాడు!" అన్నాడు డాక్టరు.

"నాకేం సంబంధం? నేను దిగిపోయాను. అందరూ కలిసి కోరితే అప్పుడు ఆలోచిస్తాను," అంటూ మాస్టారు దర్జాగా జేబులో చెయ్యి పెట్టుకున్నారు. వేలికి చల్లగా ఏదో తగిలింది.

లిఫ్టు తాళం!

పదవి వదిలారు గానీ తాళం వదల్లేదు. తలుపు తీసి పరుగెత్తబోయారు. మొదటి అడుగు బురదలో పడింది, మిగతా మెట్లన్నీ ఆయన ప్రమేయం లేకుండానే గడిచిపోయాయి. వెనకాలే నాలుగు కుండీలు దొర్లాయి. చేతిలో తాళం ఎగిరి మెట్ల మీదే ఎక్కడో పడింది.

పైనుంచి భార్య చెంగు బిగించి జాగ్రత్తగా దిగి, తాళం తీసుకుంది. "డాక్టరుగారూ, మెయిన్ స్విచ్ కట్టెయ్యండి. టైలరు బాబూ, నువ్వు వెళ్లి మోటారు ఆపు. మిగతావాళ్లు ఇలా రండి, తలుపు పట్టుకోండి."

పేషెంటును బయటికి లాగేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మాట రాక, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మాస్టారు అది చూశారు. ఇంకొంచెం ఆలస్యమైతే? 'అందరూ కలిసి కోరితే' అన్న తన మాటే ఆయన చెవుల్లో గింగురుమంది.

చివరికి ఆయనే లేచి, బురద దులుపుకుని, "ఎవరో ఒకరు లేకపోతే ఇంతేనర్రా," అన్నారు నెమ్మదిగా.

"నిజమే మాస్టారూ. ఒకరుండాలి. అందరం ఒప్పుకున్నాం," అన్నాడు టైలరు.

మాస్టారు వినయంగా తల వంచారు.

"పిన్నిగారు ఉంటారు."

చేతులన్నీ లేచాయి. ఆ భవనంతో ఏ సంబంధమూ లేని పేషెంటు రెండు చేతులూ ఎత్తాడు.

మాస్టారు వంచిన తల ఎత్తలేకపోయారు. "నువ్వా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

"వాళ్లు అడిగారు, సరేనన్నాను. మీరు పై మెట్టు నుంచి కడుక్కుంటూ రండి. బురద ఆరితే వదలదు."

మర్నాడు కాలేజీలో మాస్టారు సామాజిక ఒప్పందం అధ్యాయాన్ని సగంలో ఆపి, విదేశాంగ విధానం మొదలుపెట్టారు.