ఇరుకింట బీరుకు చోటు

బీరువా అనే మాటలో బీరు ముందే ఉంది! చీరలు, నగలు, ఇంటి కాగితాలు తర్వాతెప్పుడో చొరబడ్డ కబ్జాదారులు. నమ్మనివారు గౌలిపుర వచ్చి పాల వ్యాపారి బాలనర్సింహను అడగండి.

ఆయన దసరా ముందు ఓ సాయంత్రం పెరట్లో బర్రెల మధ్య నిలబడి ఫోన్లో స్నేహితుడితో, "బీరు వారంల తయారైతది" అన్నాడు. వంటింట్లో ఉన్న భార్య యశోద చెవిలో మొదటి మూడక్షరాలే పడ్డాయి. బీరువా! పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు బీరువా! అరగంటలో వార్త గల్లీ అంతా పాకింది. అద్దం ఉన్నదా, లాకరు ఉన్నదా అని ఇరుగుపొరుగు విచారణ మొదలైంది. బాలనర్సింహ తల్లి ఆండాలమ్మ, చీమను కూడా కాలు పెట్టనివ్వని తన కిటికీ మూలను స్వహస్తాలతో ఖాళీ చేసింది.

వారం తిరిగేసరికి ఇరవై నాలుగు సీసాలు దిగాయి.

"బీరువా ఏదయ్యా?"

"బీరువా అని ఎవలన్నరే? బీరు, వారంల అన్న. నడుమ గాలి గూడ పీల్చుకున్న గద!"

ఈ వివరణ గల్లీలో గడపగడపకూ చేరేలోపే కిటికీ మూల మళ్లీ నిండిపోయింది. తిరగని మిక్సీ, ఊదని కూలరు, ఎప్పుడో పాడైన టీవీ, అది పాడవక ముందు వచ్చిన అట్టపెట్టె, ఆ పెట్టెలో ఇంకో అట్టపెట్టె. ఖాళీ జాగా అనేది ఆ ఇంట్లో పది నిమిషాలకు మించి బతకదు.

అయ్యో పాపం అంటున్నారా? అనకండి! ఇల్లు ఇరుకు కావడమే బీరుకు వరం అని నా సిద్ధాంతం. విశాలమైన విల్లాల్లో సీసా పెట్టినచోటే పడి ఉంటుంది. దానికి లోకజ్ఞానం ఎక్కడ అబ్బుతుంది? ఇరుకింటి సీసా అలా కాదు. రోజుకో మూల తిరుగుతుంది, మనిషి మనిషితో మాట పడుతుంది, నలుగురిలో ఎలా మసలుకోవాలో నేర్చుకుంటుంది. విల్లా బీరుకు చల్లదనం దక్కితే, మన బీరుకు సంస్కారం దక్కుతుంది!

అసలు పాలమ్ముకునే మనిషికి బీరు పిచ్చి ఏమిటంటారా? దానికి కారణం ఆయన బామ్మర్ది జగదీశ్వర్.

దీపావళి వెళ్లిన రెండోనాడు మా పట్నంలో సదర్ పండుగ. పాడి పెట్టుకున్న ఇళ్లవాళ్లు తమ దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు నెమలి ఈకలు కట్టి, మెడలో గవ్వల దండలేసి, డప్పులతో ఊరేగిస్తారు. నిరుడు ఆ పండుగనాడు పదిమంది చుట్టాల నడుమ జగదీశ్వర్, "మా బావకు పాలల్ల నీళ్లు గల్పుడు తప్ప ఇంకోటి తయారుజేసుడు రాదు" అన్నాడు. పదిమందీ నవ్వారు. అది సరే. యశోద కూడా నవ్వింది. అదే గుచ్చుకుంది!

వచ్చే సదర్‌కు స్వయంగా కాచిన బీరును బామ్మర్ది గ్లాసులో పోసి, "ఒప్పుకుంటవా, ఒప్పుకోవా?" అని అడగాలని బాలనర్సింహ పంతం పట్టాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. పాత పాల క్యాన్లో మొలకెత్తించిన బార్లీ ఉడికించాడు, ఈస్ట్ కలిపాడు, అఫ్జల్‌గంజ్‌లో మూతలు నొక్కే మిషను కొన్నాడు. ఇంట్లో ఎవరికీ వాసన తగల్లేదు. తగలదు కూడా! బీరు ఫ్యాక్టరీల్లో మిగిలిన పొట్టే ఆ ఇంటి బర్రెలకు దాణా. అక్కడ బీరు వాసన రాకపోతేనే ముక్కు మీద అనుమానపడాలి.

అయితే వీడియోలవాళ్లు చివర్లో ఒక చిన్న షరతు పెట్టారు. సీసాలు రెండు వారాలపాటు చల్లగా, చీకట్లో, నిటారుగా, కదలకుండా ఉండాలట. అంతేనా! ఇరవై ఆరేళ్లుగా బాలనర్సింహ కూడా ఆ ఇంట్లో అలాంటి చోటు కోసమే వెతుకుతున్నాడు, తన కోసం.

"తాగుతె తాగు, నేనేమన్న అన్ననా?" అంది యశోద. "ఇంట్ల జాగ మాత్రం అడగకు."

ముందు ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు గిన్నెలు, జున్నుపాల సీసాలు, కూతురు స్రవంతి ముఖానికి రాసుకునే పచ్చటి లేపనాలు. నిమ్మకాయ పెట్టాలన్నా పక్కదాన్ని బతిమాలుకోవాలి. రెండు సీసాలను పక్కకు పడుకోబెట్టి దూర్చాడు. "బాపూ! నా ముల్తానీ మట్టి ఏడవడేసినవ్?" అని కేక. సీసాలు బయటికి వచ్చాయి.

బియ్యం డ్రమ్ము బాగుంటుందనిపించింది. చీకటి ఉంది, చల్లదనం ఉంది, కదలిక లేదు. ఇరవై నాలుగూ నిలువుగా పాతాడు. పూట గడిచింది. యశోద కొలడబ్బా లోపలికి గుచ్చగానే ఠంగ్ మంది.

"బియ్యంల బీరేందయ్యా? అన్నం తిని మేమంత ఊగాల్నా?"

తర్వాత సంపు. వల సంచిలో సీసాలు పెట్టి, తాడు కట్టి నీళ్లలోకి దించాడు. బావిలో చంద్రుడిని చూసినంత మురిసిపోయాడు. మర్నాడు నల్లా వచ్చే రోజు. మోటారు వేస్తే సంచి పోయి పైపు మూతిని ముద్దు పెట్టుకుంది, మోటారు గుర్రుమంది, పైన ట్యాంకులో చుక్క పడలేదు. ఆ పూట ఇంట్లో మనుషులకే కాదు, పన్నెండు బర్రెలకూ స్నానం లేదు. అవి ఆయనను చూసిన చూపు ఆయనకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

చివరికి రేకుల కప్పు కింద సజ్జ మీద సర్దాడు. మిట్టమధ్యాహ్నం రేకులు కాలాయి. కింద ఆండాలమ్మ టీవీ ముందు కూర్చుంది. సీరియల్లో కోడలు అత్త మీద చెయ్యెత్తిన ఘడియ. ఆ చెయ్యి దిగకముందే పైన ఠాప్! ఠాప్! ఠాప్! మూడు సీసాలు పేలి, నురగ జలపాతమై ముసలమ్మ నెత్తి మీద దిగింది.

ఆండాలమ్మ ముఖం తుడుచుకుని, టీవీ కేసి చూసి, "ఇదేందిర నర్సిగా, సీరియల్లకెల్లి బయటికొచ్చింది?" అంది.

మిగిలిన ఇరవై ఒక్క సీసాలనూ నెత్తిన పెట్టుకుని బాలనర్సింహ పెరట్లోకి వెళ్లి కూలబడ్డాడు. సదర్ ఇంకా పద్నాలుగు రోజులు. ఎండలో ఉంటే అన్నీ పేలతాయి. బామ్మర్ది ముందు మళ్లీ నీళ్లపాల మనిషిగా నిలబడాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలల్లో కలపడానికి కూడా పనికిరాని నీళ్లు!

అప్పుడు కనబడింది ఆ దృశ్యం. పాఠకులారా, ఇకమీదట కాస్త నిటారుగా కూర్చుని చదవండి.

పెరట్లో నీడపట్టున, ఇసుకలో సగం పాతిన మట్టి గోలెం. దాని మీద తడి గోనెసంచి. యశోద వచ్చి, సంచి తీసి, లోపల్నుంచి చెమటలు పట్టిన ఒక దుకాణం బీరు సీసా తీసి, మూత విప్పి, ఆ ఇంటి దున్నపోతు కొత్వాల్ మూతికి అందించింది. ఒక చేత్తో మెడ నిమురుతూ, "తాగు నాయినా, మెల్లగ, పొలమారుతది" అంది.

అవును మరి! పండుగ దగ్గరపడితే ఊరేగింపు దున్నపోతులకు రోజుకో బీరు పట్టడం అక్కడి రివాజు. ఒంటికి నిగనిగ వస్తుందని వాళ్ల నమ్మకం. ఆ సీసాకు జాగా ఉంది. గోలెం ఉంది. గోనెసంచి ఉంది. నిమిరే చెయ్యి ఉంది.

బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా, యశోదా, ఇనుండ్రి. ఈసారి కొత్వాల్‌కు దుకాణం బీరు బంద్. అదంత కెమికలే. పండుగనాడు ఇంటి బీరే తాపుదమనుకున్న. గని జాగ లేదంటిరి. ఏంజేస్త, పారబోస్త."

"పారబోస్తవా?" ఆండాలమ్మ మంచం దిగింది. "నోరులేని జీవం నోటికాడిది పారబోస్తవార?"

చూడండి, జాగా అనేది ఎంత వింత పదార్థమో! ఇన్నేళ్లుగా లేని ఇంట్లో ఒక్క పూటలో ఐదు చోట్ల పుట్టుకొచ్చింది. కిటికీ మూల నుంచి మిక్సీ, కూలరు, టీవీ, అట్టపెట్టె, అట్టపెట్టెలోని అట్టపెట్టె పాత సామాన్లవాడి బండెక్కాయి. ఆండాలమ్మ తన మంచం కింది ఇత్తడి బిందెలను వరండాలోకి నెట్టింది. ఏ మూల చల్లగా ఉందో చూడటానికి స్రవంతి జ్వరం చూసే థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. కిటికీ మూల గెలిచింది. ఇసుక పోశారు, సీసాలు నిలబెట్టారు, మీద గోనెసంచి కప్పారు, కిటికీకి నల్ల దుప్పటి కట్టారు. రోజుకు మూడుసార్లు యశోద గోనె తడిపింది. పైన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. స్రవంతి గోడకు కాగితం అంటించింది: "కొత్వాల్ గారివి. ముట్టరాదు."

దీన్ని చదువుతున్న ఎక్సైజ్ శాఖవారికి సవినయ మనవి. సదరు సీసాలన్నీ సదర్ నిమిత్తం సదరు దున్నపోతు పేరనే ఉన్నాయి. ప్రశ్నలుంటే కొత్వాల్‌నే అడగండి. పెరట్లోనే ఉంటుంది. కొంచెం దూరం నుంచి అడగండి.

ఇంత పకడ్బందీగా బీరు దాచిన ఇల్లు జంటనగరాల్లో ఉందా? నిక్షేపంలా ఉంది! ఎంత నిక్షేపమంటే, పండుగ నాలుగు రోజులుందనగా బాలనర్సింహ నురగ కట్టిందో లేదో చూద్దామని మధ్యాహ్నం పూట పిల్లిలా గోనె ఎత్తబోయాడు. కునుకు తీస్తున్న ఆండాలమ్మ కళ్లు తెరవకుండానే చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఎవలు?"

"నేనే అవ్వా. ఒక్కటి రుచి సూద్దామని."

"అది దానిది."

"చేసింది నేను గద!"

"అయితె? పాలు నువ్వు పిండుతవు, నువ్వు తాగుతున్నవా? గిరాకీలు తాగుతలేరా?"

"రుచెట్లుందో తెల్వొద్దా అవ్వా?"

"అది తాగి సెప్తది తియ్."

యశోద దగ్గర అప్పీలు చేసుకున్నాడు. ఆమె పొద్దున, సాయంత్రం సీసాలు లెక్కపెడుతోందని తెలిసింది. కూతురిని అడిగితే, "సిగ్గు లేదా బాపూ? దాని నోటికాడిది అడుగుతవా?" అంది. పాలమ్మే మనిషికి తన పాలు దక్కకపోవడమంటే ఇదే! అయినా ఆయన ధైర్యం విడవలేదు. పండుగనాడు తోడబుట్టినవాడు ఇంటికొస్తాడు. యశోద మనసు కరగదా? రెండంటే రెండు సీసాలు విప్పదా?

సదర్ రానే వచ్చింది. కొత్వాల్ నల్లటి అద్దంలా మెరుస్తోంది. గల్లీలో డప్పులు, మర్ఫా వాద్యాల మోతలు. జగదీశ్వర్ కొత్త చొక్కా వేసుకుని దిగాడు.

"ఏది బావా, బీరు జేసినవంట? అక్క ఫోన్ల చెప్పింది. పాలంత తెల్లగున్నదా, నీళ్లంత పల్చగున్నదా?"

చుట్టాలు నవ్వారు. ఈసారి బాలనర్సింహ కూడా నవ్వాడు. రెండు స్టీలు గ్లాసులు తానే కడిగి తెచ్చి, బామ్మర్ది ముందు ఠీవిగా పెట్టి, "యశోదా!" అని పిలిచాడు.

యశోద వచ్చింది. గ్లాసులు చూసింది. తమ్ముడిని చూసింది. రెండింటిలోనూ చాయ్ పోసింది.

"తమ్మీ, తాగు. అల్లమేసిన."

"అక్కా, బీరు..."

"అది కొత్వాల్‌కు, వాని దోస్తులకు."

దోస్తులు అప్పటికే గల్లీ మలుపు తిరిగారు. పక్క బస్తీల దున్నపోతులు వాకిట ఆగి సలాము చెప్పడం సదర్ మర్యాద. వచ్చిన దున్నపోతును ఉత్త మూతితో పంపిస్తారా? ఆండాలమ్మ స్వయంగా మూతలు విప్పింది. దున్నపోతులకు బీరు, వాటిని పట్టుకొచ్చిన మనుషులకు చాయ్. ఇరవై సీసాలు కళ్లముందే గుటగుటలాడి పోయాయి. ఒక్క అతిథీ తల తిప్పలేదు. ఒకడైతే సీసా వదలనని మొరాయించాడు, ఆరుగురు లాగారు!

చివరి సీసా కొత్వాల్‌ది. గటగటా తాగింది. మూతి నాకింది. ఓసారి బాలనర్సింహ కేసి చూసింది. డప్పు అందుకోగానే ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేపి, వెనక కాళ్ల మీద కొండలా నిలబడింది. గల్లీ దద్దరిల్లింది. ఈలలు! పూలు! ఇంత ఎత్తు అది ఎప్పుడూ లేవలేదని పెద్దలు ప్రమాణం చేశారు.

జగదీశ్వర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించాడు.

"ఒప్పుకున్న బావా! నీకు బీరు జేసుడొచ్చు. పదిమంది ముంగట ఒప్పుకున్న. ఏం బీరు జేసినవే!"

ఏడాది పాటు ఎదురుచూసిన మాట! బాలనర్సింహ ఛాతీ ఉప్పొంగింది. ఆ పొంగు మీద జగదీశ్వర్ ఒక్క ప్రశ్న చిలకరించాడు.

"గని రుచెట్లుంటది బావా?"

చుట్టాలందరూ బాలనర్సింహ వైపు చూశారు. బాలనర్సింహ కొత్వాల్ వైపు చూశాడు. కొత్వాల్ పెద్దగా త్రేన్చింది. ఆ బీరు గురించి మానవజాతికి అందిన సమాచారం అంతే.

కాబట్టి ఇంట్లో బీరు కాచుకునే సోదరులారా, జాగా లేదని దిగులుపడకండి. జాగా లేదన్నది శుద్ధ అబద్ధం. ఏ ఇంట్లోనైనా జాగా ఉంటుంది, చల్లగా, చీకటిగా, దుప్పటి కట్టి మరీ ఉంటుంది. మన పేరు మీద ఉండదు, అంతే! దీన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. నా ఇంట్లో నా కుర్చీ మీద మూడు నెలలుగా ఇస్త్రీ బట్టలు కూర్చున్నాయి. నేను నిలబడే రాస్తున్నాను. నడుముకు మంచిదట.

చుట్టాలు వెళ్లాక బాలనర్సింహ వాకిట్లో ఖాళీ సీసాలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ అరచేతిలో వంచి చూశాడు. చుక్క లేదు. నాకడంలో ఆ అతిథులకు మంచి పేరుంది.

"యశోదా," అన్నాడు, "వచ్చే ఏడు కొత్వాల్‌తోపాటు నా మెడల గూడ ఒక గవ్వల దండెయ్యుండ్రి. ఒక్క సీస దొరుకుతదేమో సూస్త."

"ఏస్తం, ఫికర్ జెయ్యకు," అంది యశోద. "ముందుగాల్ల మా తమ్ముని ముంగట రెండు కాళ్ల మీద నిలబడి సూపియ్యి."