రెండు కాళ్ళ బెణుకు

మార్తా ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చర్చికి వెళ్ళడం, పదింటికి రావడం, ఇంత కూర వండి పడేయడం, సాయంత్రం నాలుగింటిదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోవడం. వారమంతా మొగుడికి కార్ఖానాలో ఫస్టు షిఫ్టు. రోజూ తెల్లవారుజామున లేచి అన్నం డబ్బా కట్టిన మనిషికి అదేమంత గొంతెమ్మ కోరిక కాదు. కానీ మంచం దిగుతూ కాళ్ళకేసి చూసుకుంది. పథకం అక్కడితో సరి.

పాదాలు రెండూ పసుప్పచ్చగా మెరిసిపోతున్నాయి.

క్రితం సాయంత్రం పక్కింటి కస్తూరమ్మ కోడలికి సీమంతం. మార్తాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై రోజులు గంజి, వంట అన్నీ ఆ ఇంటినుంచే వచ్చాయి. అలాంటి మనిషి పసుపు గిన్నె పట్టుకుని వచ్చి ముందు కూర్చుంటే మార్తా కాలు వెనక్కి లాక్కోలేకపోయింది. బొట్టు ఇంటికొచ్చి తుడిచేసుకుంది. పసుపు తుడిస్తే పోయేదా?

చిక్కేమిటంటే, బొట్టూ పసుపూ పెట్టుకున్నవాళ్ళకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వకూడదని వాళ్ళుండే హిందీ ఊరు భుయ్యాడీహ్‌లోని తెలుగు చర్చి సంఘం మూడు వారాల క్రితమే తీర్మానించింది. ఆ రొట్టె నెలకొక్కసారి. ఆ నెల వంతు ఆవేళే. తీర్మానం ప్రతిపాదించిన మహానుభావుడు సాక్షాత్తూ మార్తా మొగుడు రత్నకుమార్.

"ఏటిది?" అన్నాడు రత్నకుమార్ ఆ కాళ్ళు చూసి. "నా పరువేటి కావాల?"

"టైఫాయిడ్ వచ్చినప్పుడు మీ పరువు నాకు గంజి పొయ్యనేదు. కస్తూరక్క పోసింది. నేను ఇంటికాడే ఉండిపోతాను, మీరెళ్ళండి."

"నువ్వు రాకపోతే పాస్టరయ్యగారు పరామర్శకి ఇంటికొచ్చెత్తారు. కడుగు, కడుగు, జల్దీ!"

సబ్బు, చింతపండు, కిరోసిన్, ఇటుక ముక్క అన్నీ అయ్యాయి. పసుపు ఇంకాస్త నిగ్గు తేలింది. చర్చిలో చెప్పులు బయటే విడవాలి. చివరికి రత్నకుమార్ తన డ్యూటీ బూట్లలోకి వేసుకునే దళసరి ఖాకీ మేజోళ్ళు తెచ్చిచ్చాడు. నేత చీర కింద ఖాకీ మేజోళ్ళు, అదీ జూలై ఉక్కలో.

గుమ్మంలోనే స్త్రీల సమాజం పెద్ద అంతోనమ్మ నిలబడి ఉంది. ప్రార్థనలో కూడా ఆవిడ కళ్ళకు రెప్ప పడదు.

"ఒలే మార్తా, ఆ మేజోళ్ళేటే?"

మార్తా నోరు తెరిచేలోగా రత్నకుమార్ "కాలు బెణికిందండీ" అనేశాడు.

"ఏ కాలు?"

మేజోళ్ళేమో రెండున్నాయి. "రెండూనండీ. కొళాయి కాడ జారి పడిపోనాది."

ఆ క్షణంనుంచి మార్తా కుంటాల్సి వచ్చింది. ఒక కాలు కుంటడం ఎవరికైనా చేతనవును. రెండు కాళ్ళూ కుంటడం ఎలాగో పాపం ఆమెకు తెలియలేదు. అంతోనమ్మ వెళ్ళి సంగతి పాస్టరు రాజబాబు గారి చెవిన వేసింది. ఆయన సంఘాన్నంతా లేపి నిలబెట్టి మార్తా పాదాల కోసం పది నిమిషాలు ప్రార్థన చేశారు. మార్తాకు సిగ్గుతో ఏడుపు ముంచుకొచ్చింది. నొప్పి ఎక్కువైందనుకుని ఆయన ఇంకో పది నిమిషాలు పొడిగించారు.

మోకరించలేని మనిషి కదా అని రొట్టె పళ్ళెం ఆమె కూర్చున్న చోటికే వచ్చింది. నెలంతా ఎదురుచూసిన రొట్టె. అబద్ధం చాటున దాన్ని ముట్టుకోవడానికి మార్తాకు చెయ్యి రాలేదు. తల అడ్డంగా ఊపింది.

"ఓలమ్మో, మింగుడు కూడా పడతం నేదు!" అంది అంతోనమ్మ.

ఇంకేముంది! ఆరాధన కాగానే నలుగురు మగవాళ్ళు మార్తాను కుర్చీతో సహా ఎత్తారు. ముందు పాస్టరు గారు, వెనక సంఘం. వీధిలో "క్యా హువా?" అని అడిగిన ప్రతివాడికీ రత్నకుమార్ "కుచ్ నహీ, కుచ్ నహీ" అని జవాబు చెప్పుకుంటూ నడిచాడు.

కుర్చీ ఇంటి ముందు దిగగానే కస్తూరమ్మ పరుగెత్తుకొచ్చింది. "నా తల్లే! ఏటయిపోనాదే నీకు?" అంటూ మేజోళ్ళు రెండూ లాగి పడేసింది.

సంఘమంతా ఆ పాదాలు చూసింది. రత్నకుమార్ గోడకేసి చూశాడు.

"బెణుక్కి అప్పుడే పసుపు పట్టించేసినారా!" అంది అంతోనమ్మ. "ఎవులు రాసినారు?"

"నేనే," అంది కస్తూరమ్మ, ఏమీ తెలియక.

"మంచి పని సేసినావు. మందే కదా, తప్పేటి?"

రత్నకుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. "మందేనండీ, మందే!"

మార్తా నోరు మూసుకుని కూర్చుంటే అంతా సర్దుకుపోయేదే. కానీ ఆమెకు విసుగెత్తిపోయింది.

"బెణకనేదయ్యగారూ. సీమంతానికెళ్ళినాను. రాయించుకున్నాను. మరింక నన్నొగ్గెయ్యండి, పడుకుంటాను."

పాస్టరు గారు అరుగు మీద కూలబడ్డారు. పొద్దుటినుంచి ఆయనకది రెండో ఆరాధన, గోవింద్‌పూర్‌లో మూడోది ఇంకా మిగిలే ఉంది.

"కొంచెం కూడా బెణకలేదా, మార్తమ్మా? ఆలోచించి చెప్పు," అన్నారు ఆశగా.

"నేదండీ."

ఆయన సంఘం వైపు చూశారు. అంతోనమ్మ తన పసుపు పాదాలు కనపడకుండా చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుంటోంది. ఎవరూ అడక్కుండానే "పగుళ్ళకండీ" అంది.

ఆయన నిట్టూర్చి, సంచీలోంచి రోగుల కోసం ఉంచుకునే చిన్న రొట్టె డబ్బా తీశారు. "ఈవేళ నిజం చెప్పింది నువ్వొక్కతివే. తీసుకో."

పసుపు కాళ్ళు అలాగే చాపుకుని మార్తా రొట్టె అందుకుంది. పక్కన కస్తూరమ్మ, అదేమిటో తెలియకపోయినా కొంగు తలమీదికి లాక్కుని చేతులు జోడించింది. మార్తాకు మళ్ళీ ఏడుపొచ్చింది గానీ, ఈసారి సిగ్గు వల్ల కాదు.

తర్వాతి సంఘ కమిటీ సమావేశంలో రత్నకుమారే సవరణ ప్రతిపాదించాడు: వైద్యం కోసమైతే పసుపుకు అభ్యంతరం లేదు. పై నెల బల్ల ఆదివారం ఆడవాళ్ళు ఇరవై ముగ్గురు కుంటుకుంటూ చర్చికి వచ్చారు. మార్తా మాత్రం, కస్తూరమ్మ మనవడి బారసాలలో రాసిన పసుపుతో, తిన్నగా నడిచివెళ్ళి మోకరించింది. పసుపు రాసుకుని కుంటకపోవడం తీర్మానానికి విరుద్ధమని అంతోనమ్మ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది.