సెలవు పెట్టిన జలపాతం

ఆ ఉదయం పార్కు తాళం తీసి లోపలికి వచ్చిన అస్పాసియాకు జలపాతం కనిపించలేదు.

కొండ ఉంది. కొండ ముందు గులాబీలు, బల్లలు, జలపాతం పక్కన ఫొటోలు దిగడానికి కొత్తగా కట్టిన ఇనుప వేదిక, దానికి చుట్టిన నీలం రిబ్బను, అన్నీ ఉన్నాయి. నెరోహోరి ఊరు పుట్టినప్పటి నుంచి రాత్రింబవళ్ళు హోరెత్తుతున్న నీళ్ళు మాత్రం లేవు. నల్లటి బండ మీద తడి నాచు వేలాడుతోంది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు తన చీపురు చప్పుడే భయం పుట్టించింది.

ఆ రోజుకు ఆమె అనుకున్న పని చాలా చిన్నది. వేదిక ఊడ్చాలి, బల్లలు తుడవాలి, పదకొండింటికి బిషప్పుగారు రిబ్బను కత్తిరిస్తే ఒక మూల నిలబడి చప్పట్లు కొట్టాలి. ఆ సభ సవ్యంగా జరిగితే కాపలా ఉద్యోగం ఖాయం చేస్తానని మేయర్ మాట ఇచ్చాడు. ఆ మాట కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది.

మేయర్ స్ట్రాటోస్ కాఫీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏదమ్మా నీ జలపాతం?"

"నిన్న సాయంత్రం గేటు వేసేటప్పుడు ఉందండీ."

"గేటు వేస్తే మరి ఎలా పోయింది?"

"అది గేటులోంచి వచ్చి పోయేది కాదు కదండీ."

"వెటకారం వద్దు. బిషప్పుగారు వచ్చేసరికి నీళ్ళు పడకపోతే, రేపట్నుంచి నువ్వు ఈ పార్కుకు షికారుకు రా. ఉద్యోగానికి రానక్కర్లేదు."

ఆ పైన మేయర్ బుర్ర చురుగ్గా పనిచేసింది. ఏటికి ఎగువన ఉన్న పెత్రానా ఊరి వాళ్ళకూ నెరోహోరికీ తాతల నాటి నుంచి నీళ్ళ తగాదా ఉంది. వెంటనే పెత్రానా పెద్ద జిసిస్‌కు ఫోను కొట్టాడు.

"జిసిస్, నాకంతా తెలిసిపోయింది. మా నీళ్ళు మాకు వదులు."

జిసిస్ గుండె జారిపోయింది. చెర్రీ తోటకు ఏటిలోంచి దొంగతనంగా ఒక రబ్బరు గొట్టం వేసుకున్న మాట వాస్తవమే. బొటనవేలంత గొట్టం. అది ఒక జలపాతాన్ని తాగేస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. గొట్టం పీకించి, చీజు పెట్టి కాల్చిన రొట్టెలనూ ద్రాక్షసారానూ ట్రాక్టర్లకెక్కించి, ఊరు ఊరంతటినీ వెంటేసుకుని క్షమాపణకు బయలుదేరాడు.

ట్రాక్టర్లు దిగిరావడం చూసి నెరోహోరి వాళ్ళు కొట్లాటకే అనుకున్నారు. కర్రలు పట్టుకుని పార్కులో నిలబడ్డారు. వచ్చినవాళ్ళు రొట్టెలు అందించేసరికి కర్రలు ఎక్కడ పెట్టాలో తెలియక, రెండో చేత్తో అందుకున్నారు.

"తప్పయిపోయింది బావా. గొట్టం పీకేశాం. చూడు, నీళ్ళొచ్చేస్తాయి" అన్నాడు జిసిస్.

రెండు ఊళ్ళూ తలెత్తి కొండను చూశాయి. చుక్క పడలేదు.

"ఏ గొట్టం?" అన్నాడు మేయర్.

జిసిస్ ఇంకో రొట్టె తీసి తన నోట్లోనే పెట్టుకున్నాడు.

నిందించడానికి మనుషులు అయిపోయారు. ఇక మిగిలింది దేవుడు. కొండ మీద గుడి నుంచి, అక్కడే భార్యతో కాపురముండే ఫాదర్ క్లియాంథిస్‌ను తీసుకొచ్చారు.

"ప్రార్థన పైనే చేద్దాం నాయనా, నీళ్ళు రావాల్సింది పైనుంచే కదా" అన్నాడాయన.

"పడాల్సింది కిందే కదా ఫాదర్" అని ఆయన్ను దాదాపు మోసుకొచ్చి వేదిక ఎక్కించారు. చోటున్నంతవరకూ రెండు ఊళ్ళ జనమూ ఎక్కారు.

ప్రార్థన మొదలైంది. అస్పాసియా కింద నిలబడి, దండం పెట్టుకోవాలో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలో తేల్చుకోలేకపోయింది. అప్పుడు వేదిక కింద సన్నగా కిర్రుమంది. మామూలు రోజైతే ఆ హోరులో ఫిరంగి పేలినా వినిపించేది కాదు. ఆమె వంగి చూసింది. ఎప్పుడూ నీటి తెర చాటున ఉండే బండ నిలువునా చీలి ఉంది. వేదిక కాళ్ళు ఆ బండలోనే దిగి ఉన్నాయి.

"దిగండి. అందరూ దిగండి."

"ప్రార్థన మధ్యలో దిగకూడదమ్మా" అంది ఒక ముసలావిడ.

"ఇప్పుడు దిగకపోతే మిగతాది దేవుడి ఎదురుగానే చేసుకుందువుగాని అవ్వా."

ముసలావిడే అందరికంటే ముందు దిగింది. చివరగా ఫాదర్ కాలు నేల మీద మోపాడో లేదో, వేదిక పక్కకు ఒరిగి, రిబ్బనుతో సహా ఎండిన మడుగులోకి కూలిపోయింది.

ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, శిలువ గుర్తు వేసుకునేవాళ్ళు వేసుకున్నారు. కర్రలు తెచ్చినవాళ్ళు పెత్రానా వాళ్ళను కౌగిలించుకున్నారు. జిసిస్ అస్పాసియా చేతులు కళ్ళకద్దుకుని, "నీళ్ళు పడుతుంటే ఆ చప్పుడు నీకు మాత్రం ఎలా వినపడేది తల్లీ" అన్నాడు. పదకొండింటికి ఆ వేదిక మీద బడి పిల్లలు నిలబడి పాట పాడాల్సి ఉంది. నీళ్ళు పడినన్నాళ్ళూ వాటికి ఎన్నడూ దండం పెట్టని జనం, పడనందుకు ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

బిషప్పుగారు వచ్చి సంగతి విని కళ్ళు తుడుచుకున్నారు. "ఈ నీళ్ళు ఆపిన చేతికి మనమంతా రుణపడి ఉన్నాం" అన్నారు.

వేదిక కట్టించింది మేయర్. ఆ మాట ఎవరికైనా గుర్తొచ్చేలోపు ఇంకేదైనా మాట్లాడటం మంచిదని అతనికి తోచింది.

"దేవుడు కాపాడాడు, కాదనను. కానీ జలపాతం పోవడం కాపలా తప్పే. అస్పాసియా, తాళాలు ఇలా ఇచ్చెయ్."

ఆమె తాళాలు తీసి ఇచ్చింది. ఫాదర్ క్లియాంథిస్ మధ్యలోకి వచ్చి, మేయర్ చేతిలోంచి తాళాలు తీసుకుని మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి, బిషప్పుగారి వైపు తిరిగాడు.

"ఏలినవారు క్షమించాలి. నీళ్ళు ఆపిన ఆ చెయ్యి నాదే. మీరు మా ఇంట్లో భోజనం చేస్తారని మా ఆవిడ చలికాలం పరిచిన ఉన్ని తివాచీలన్నీ ఉతకాల్సిందేనంది. అవి ఇంట్లో ఉతికితే లొంగేవి కావు, గుడి వెనుక నీళ్ళు సుడి తిరిగే తొట్టిలో వెయ్యాలి. తొట్టికి కాలువ నీళ్ళు చాల్లేదు. పొద్దున్నే పాత తూము తలుపుకు నూనె పోసి దించి, ఏరంతా ఆ తొట్టిలోంచి కొండ అవతలికి మళ్ళించాను. ఓ గంటలో తెరిచేద్దామనుకున్నాను. ఈలోగా వీళ్ళు నన్ను మోసుకొచ్చి నీళ్ళ కోసం ప్రార్థించమన్నారు. ఇంకా రెండు తివాచీలు మిగిలే ఉన్నాయి. అందుకని కాస్త నెమ్మదిగా ప్రార్థించాను."