పేరు లేని ప్రార్థన మనవులు

శనివారం పొద్దున దైవాశీర్వాదానికి మూడే పనులు. ఎనిమిదింటికి చర్చి సంఘం వాట్సాప్ గ్రూప్‌లో ప్రార్థన మనవులు పెట్టడం, ఇంటి ముందు పడ్డ మంచును పారతో ఎత్తిపోయడం, పదింటికి కారు ఆయిల్ మార్పించడానికి వెళ్ళడం. మొదటి రెండిట్లో వింతేమీ లేదు. మూడోదే కొంచెం తేడాగా ఉంది. ఒకే కారుకి మూడు నెలల్లో ఆరుసార్లు ఆయిల్ మార్పించిన మనిషి, అందులోనూ కార్ల కంపెనీలో ఇంజనీరు, అమెరికాలోని ఆ నోవై ఊరు మొత్తం వెతికినా ఇంకొకడు దొరకడు.

అసలు సంగతేమిటంటే, అక్టోబరులో ఒకరోజు ఆఫీసు పార్కింగ్‌లో ఆయనకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి పరుగెత్తితే, గుండె భేషుగ్గా ఉంది, ఆందోళనే ఎక్కువైంది అని చెప్పి ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆ మాట భార్య మణికి గానీ, వేరే ఊళ్ళో కాలేజీలో చదువుతున్న కూతురికి గానీ చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఆయిల్ కథ. ఇక సంఘంలో చెప్పే ప్రశ్నే లేదు. ప్రతి ఆదివారం మైకు పట్టుకుని "భయపడకండి!" అని గర్జించే సంఘపెద్ద ఆయనే మరి. ఆ గర్జించేవాడే లోపల వణికి చస్తున్నాడని తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆయన బెంగ.

మనవులు పోగుచేసే పని తొమ్మిదేళ్ళుగా ఆయనదే. వారమంతా జనం ఫోన్ చేసి కష్టాలు చెప్పుకుంటారు. ఆయన రాసుకుని శనివారం పెడతాడు. పేర్లు మాత్రం పెట్టడు. అమెరికా వచ్చాక నేర్చుకున్న మర్యాద అది. ఆయన చిన్నప్పుడు పాలకొల్లులో ఈ మర్యాదలేవీ లేవు. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక. తాటాకు చాపలు, స్టీలు గ్లాసుల్లో అల్లం టీ. ఒక్కొక్కరే లేచి పేరుతో సహా చెప్పుకునేవారు. "నేను మార్తమ్మనండి. మా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలైందండి, భయంగా ఉందండి" అని వాళ్ళమ్మ అంటే, పక్కనున్నావిడ చెయ్యి పట్టుకునేది. తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోయేది. అయినా అమ్మ మాత్రం ఆ రోజు హాయిగా నిద్రపోయేది.

కౌన్సెలర్ ఒక హోమ్‌వర్క్ ఇచ్చింది. భయపెట్టే ఆలోచన రాగానే దానితో వాదించకుండా, ఉన్నదున్నట్టు ఒక ముక్కలో రాసెయ్యమంది. ఆయన తెలుగులో రాశాడు. ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఉన్నా ఇంగ్లీషులో భయపడటం ఇంకా అలవాటు కాలేదు. ఆ రాతలు ఫోన్‌లో ప్రార్థన మనవుల పక్కనే ఉన్నాయి. సరిగ్గా ఎనిమిదింటికి ఆయన పొరపాటున వాటినే కాపీ చేసి గ్రూప్‌లో పెట్టేసి, పార పుచ్చుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గ్రూప్‌లో నూట పన్నెండు మంది చదివిన మనవులివి. మంచు మీద బండి నడపాలంటే కాళ్ళు వణుకుతున్నాయి. పిల్ల తెలుగులో మాట్లాడటం మానేసింది, రేపు అసలు మాట్లాడటమే మానేస్తుందేమో. మైకు ముందు నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతోంది. ఇంట్లో మనిషి దూరమైపోతున్నట్టుంది.

మంచు ఎత్తిపోసి ఫోన్ చూసుకునేసరికి యాభై మూడు ఆమేన్‌లు, పద్నాలుగు మిస్డ్ కాల్స్. పైకి జరిపి చూశాడు. అవి జనం మనవులు కావు, తన రాతలు. మొద్దుబారిన వేలితో గబగబా డిలీట్ నొక్కాడు. అందరికీ డిలీట్ అయ్యేది కాకుండా తనకు మాత్రమే డిలీట్ అయ్యేది నొక్కాడు. దాంతో ఆ జాబితా ఆయనకి తప్ప అందరికీ కనిపిస్తోంది.

ఫోన్ మళ్ళీ మోగింది. మాస్టర్స్ చదువుతున్న కెన్నీ.

"అంకుల్, స్నో డ్రైవింగ్ సంగతి మీకొక్కరికే చెప్పా కదా! గ్రూప్‌లో పెట్టొద్దని కూడా అన్నాను. మా మమ్మీ కూడా గ్రూప్‌లో ఉంది, రాజమండ్రి నుంచే చూసింది. కారు అమ్మేసి ఇండియా వచ్చెయ్ అంటోంది!"

"అది నీ గురించి కాదు నాన్నా..."

"మరెవరి గురించి అంకుల్?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే ఫోన్ పెట్టెయ్యడమే తేలికనిపించింది. పెట్టేశాడు. వెంటనే సంఘంలోని క్రిస్టినా నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, మా పిల్ల మాయ తెలుగు మాట్లాడట్లేదని ఏడిస్తే మీరు ఓదార్చారు. ఊరంతా చాటుతారనుకోలేదు. వస్తున్నాను, ఇంట్లోనే ఉండండి."

వచ్చింది ఆవిడొక్కతే కాదు. పావుగంటలో కెన్నీ బస్సు దిగి నడిచి వచ్చాడు. ఆఖరికి పాస్టరు వినయ్ కుమార్ అయ్యగారు కూడా వచ్చి, ఆయన్ని ఒక మూలకి తీసుకెళ్ళారు.

"బ్రదర్, మైకు సంగతి నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకెలా తెలిసింది?" అన్నారు గొంతు తగ్గించి.

దైవాశీర్వాదం ఆయనకు కుర్చీ చూపించాడు. మణి అందరికీ టీ ఇచ్చింది, భర్త మొహం మాత్రం చూడలేదు. నాలుగో మనవి ఆవిడా చదివింది.

"తొమ్మిదేళ్ళు మిమ్మల్ని నమ్మాం అన్నయ్యా" అంది క్రిస్టినా. "ఇక మీకేం చెప్పుకుంటాం?"

ఊరుకుంటే నలుగురి గుట్టూ బయటపెట్టినవాడవుతాడు. నోరు తెరిస్తే పిరికివాడవుతాడు. ఛాతీ బిగుసుకుపోతోంది, పార్కింగ్‌లో ఆ రోజు బిగుసుకున్నట్టే. ఏం చెయ్యాలో తోచక, పాలకొల్లులో పెద్దవాళ్ళు లేచినట్టే లేచి నిలబడ్డాడు.

"నేను దైవాశీర్వాదాన్నండి. మార్తమ్మగారి అబ్బాయిని. అవి మీ ఎవరి మనవులూ కావు. నాలుగూ నావే. నాకు భయంగా ఉందండి. మూడు నెలల నుంచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను."

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూశారా! మన పరువు కాపాడటానికి మన భయాలన్నీ తన నెత్తిన వేసుకుంటున్నాడు!"

"కాదండీ, నిజంగా నావే..."

"ఊరుకోండి బ్రదర్. మీకు భయమేమిటి?"

"పాపం, లేని డాక్టర్ని కూడా సృష్టించారు" అంటూ క్రిస్టినా కొంగుతో కళ్ళొత్తుకుంది. కెన్నీ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆయన అపాయింట్‌మెంట్ కార్డు తీసి చూపించబోతే, అయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపి, అక్కడికక్కడే ప్రార్థన చేసేశారు. పనిలో పనిగా తన మైకు భయం కూడా అందరిముందూ ఒప్పేసుకున్నారు. దాంతో కెన్నీ మంచు సంగతి చెప్పాడు, క్రిస్టినా మాయ సంగతి చెప్పింది. అందరూ పేర్లతో సహా చెప్పుకుని, తేలికపడ్డ మొహాలతో వెళ్ళిపోయారు.

ఇంట్లో మణి, ఆయన మిగిలారు.

"ఆయిల్ అని వెళ్ళేది అక్కడికేనా?" అంది మణి.

"ఊఁ."

"నేనింకేదో అనుకుని ఎంత కుమిలిపోయానో తెలుసా? నాలుగోది చదివి, నా మనసులో మాట ఈయనకెలా తెలిసిందా అనుకున్నాను."

"అది నేను నీ గురించి రాసుకున్నాను మణీ."

"నేను మీ గురించి అనుకున్నాను." ఆవిడ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మీ చేతులు వణుకుతాయని పెళ్ళినాడే చూశానండీ. నాకు చెప్పడానికేమైంది?"

ఆయనకు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఛాతీ మాత్రం అక్టోబరు తర్వాత మొదటిసారి తేలికగా ఉంది. అపాయింట్‌మెంట్‌కి అరగంట ఆలస్యమైనా ఇద్దరూ కలిసే వెళ్ళారు. మణే డ్రైవ్ చేసింది.

మరుసటి ఆదివారం సంఘమంతా లేచి నిలబడి, ఇంతటి ధైర్యవంతుణ్ణి చూడలేదంటూ దైవాశీర్వాదానికి శాలువా కప్పింది. కప్పుతున్నంతసేపూ ఆయన చేతులు వణుకుతుంటే, పాపం చలేస్తోందని ఎవరో వెళ్ళి హీటరు పెంచారు.